జూలైలో క్యోటోకు వెళ్తున్నారా? గియోన్ పండుగకు ముందు చూసుకోవలసినవి

ప్రతి ఏడాదీ జూన్ నెలాఖరుకి నాకు వాట్సాప్‌లో ఒకే ప్రశ్న వస్తుంది. అమెరికా నుంచి ఇండియా వెళ్తూ దారిలో జపాన్ కూడా చూసేద్దామనుకునే స్నేహితులు, ఊరి నుంచి అమ్మానాన్నల్ని తీసుకొస్తున్న ఆఫీసువాళ్ళు, అందరిదీ ఒకటే మాట. "జూలై 17న క్యోటోలో పెద్ద రథోత్సవం అటగా, పొద్దున్న వెళ్ళి రాత్రికి ఒసాకా వచ్చేయొచ్చా?" వచ్చేయొచ్చు. మేమూ అలాగే వెళ్ళాం. అత్తయ్యగారి అరికాళ్ళు బొబ్బలెక్కాయి, మావయ్యగారిని ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సినంత పని అయింది. అందుకే ఈసారి ఒక్కొక్కరికీ విడిగా టైప్ చేయకుండా నాకు తెలిసినదంతా ఒకచోట రాస్తున్నాను.

ముందుగా తెలుసుకోవలసింది, గియోన్ మత్సురి ఒక్కరోజు పండుగ కాదు. యసాకా జింజా అనే షింతో (జపాన్‌వాళ్ళ సొంత మతం) గుడికి జూలై 1న మొదలై 31 దాకా నెలంతా జరిగే ఉత్సవం. 869లో అంటురోగాలు ప్రబలితే, అప్పటి రాజ్యంలో ఎన్ని ప్రాంతాలున్నాయో అన్ని, అంటే 66 బల్లేలు నిలబెట్టి దేవుణ్ణి శాంతింపజేశారు. పండుగకి మొదలు అదే. వానాకాలం చివర్లో పొంగే నది, ఉక్కపోత, రోగాలు, వీటి భయంలోంచి పుట్టిన పండుగ ఇది. సికింద్రాబాద్ మహంకాళి బోనాల వెనక కలరా కథ విన్నవాళ్ళకి ఇదేమీ వింతగా ఉండదు. నెల కూడా ఇంచుమించు అదే. గియోన్ అన్న పేరు కూడా మన దేశం నుంచి వెళ్ళిందే. బుద్ధుడు శ్రావస్తిలో ఉన్న జేతవన విహారాన్ని జపనీయులు గియోన్ షోజా అంటారు. ఒకప్పుడు ఈ గుడిలో ఆ విహారానికి కాపలా దేవుడిగా భావించే గోజు తెన్నోని కొలిచేవారు. 1868లో బౌద్ధాన్నీ షింతోనీ ప్రభుత్వం వేరు చేశాక గుడి పేరు యసాకా అయింది, దేవుడు సుసనోఓ అయ్యాడు. జనం నోట్లో మాత్రం ఇప్పటికీ గియోన్ అనే ఉంది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, నెల పండుగని ఒక్కరోజులో కుక్కుకుందామన్న ఆశ దగ్గరే మన కష్టాలన్నీ మొదలవుతాయి. ఏది చూడాలో ముందే తేల్చుకుంటే సగం జాగ్రత్త అక్కడే అయిపోతుంది.

ఏ రోజు వెళ్ళాలి

రథాల్లాంటి వాటిని యామాబోకో అంటారు. 17న 23 బళ్ళు ఊరేగుతాయి, 24న 11. మొదటిదాన్ని సాకి మత్సురి అనీ, రెండోదాన్ని అతో మత్సురి అనీ పిలుస్తారు. 1966 నుంచి ఈ రెండిటినీ కలిపి ఒకే రోజు చేసేవారు. 2014లో మళ్ళీ విడదీశారు. టీవీల్లో, పోస్టర్లలో కనబడేది 17వ తేదీది కాబట్టి జనమంతా అక్కడికే పోతారు. దానికి ముందు 14, 15, 16 రాత్రుళ్ళు యోయియామా. బళ్ళకి లాంతర్లు వెలిగిస్తారు, గంటలూ పిల్లనగ్రోవులూ మోగుతుంటాయి, 15, 16 సాయంత్రాలు ఆరు నుంచి పెద్ద రోడ్ల మీద వాహనాలు ఆపేస్తారు, రోడ్డు పొడుగునా తిండి బళ్ళు వెలుస్తాయి. మన జాతర లాగే ఉంటుంది, తొక్కిసలాట భయంతో సహా.

పెద్దవాళ్ళతోనో చంటిపిల్లలతోనో వెళ్ళేవాళ్ళకి నా సలహా ఒక్కటే. 17 వదిలేసి 24కి వెళ్ళండి. బళ్ళు తక్కువే గానీ వాటిలో ఓఫునెబోకో అనే పడవ ఆకారం బండి ఉంది. 1864లో ఊళ్ళో జరిగిన యుద్ధంలో కాలిపోయి, నూటయాభై ఏళ్ళ తర్వాత 2014లో మళ్ళీ ఊరేగింపులోకి వచ్చింది. 21 నుంచి 23 దాకా ఉండే యోయియామాలో తిండి బళ్ళు ఉండవు, రోడ్లు మూయరు. లాంతర్ల కింద నింపాదిగా నడవొచ్చు. "అసలుది చూడలేదే" అని వెలితి పడేవాళ్ళుంటారు. పడనివ్వండి.

ఇంకో మంచి దారి కూడా ఉంది, చాలామందికి తెలియదు. 10 నుంచి 14 మధ్య వీధుల్లోనే బళ్ళు కడతారు. మేకు అన్నది కొట్టకుండా, గడ్డి తాళ్ళతో దూలాలు బిగిస్తారు. కట్టడం అయ్యాక 12, 13 తేదీల్లో మధ్యాహ్నం హికిజోమె అని, బండిని కొంచెం దూరం లాగి చూస్తారు. ఆ తాడు ఎవరైనా పట్టుకోవచ్చు, పిల్లలు, ఆడవాళ్ళు, విదేశీయులు ఎవరైనా. మా బాబు ఐదేళ్ళప్పుడు లాగాడు. 17న నాలుగు గంటలు నిలబడి చూసింది వాడికి ఒక్కటీ గుర్తులేదు, ఆ తాడు మాత్రం గుర్తుంది. తాడు పట్టుకున్నప్పుడు మధ్యలో వదిలి వంగొద్దు, పిల్లల షూ లేసులు ముందే కట్టండి. వెనక వచ్చేది టన్నుల బరువు.

ఎండ

క్యోటో చుట్టూ మూడు వైపులా కొండలు. వేడి లోపలే ఉండిపోతుంది, గాలి ఆడదు. జూలైలో 35 డిగ్రీలు దాటడం మామూలు. "మేం విజయవాడ ఎండలే చూశాం, ఇదెంత" అని మావయ్యగారు కూడా అన్నారు. విజయవాడలో మే నెల మధ్యాహ్నం ఎవరైనా నాలుగు గంటలు రోడ్డు మీద నిలబడతారా? ఇక్కడ నిలబడతాం, తేడా అదే. పైగా బాగా ఉక్క. చెమట పట్టి ఆరదు, ఒళ్ళు చల్లబడదు. ఆ వేడి ఎంతదంటే, 2018లో 24న జరగాల్సిన హనగాస ఊరేగింపుని, అంటే పూల గొడుగులతో పిల్లలూ ఆడవాళ్ళూ నడిచేదాన్ని, ఎండకి భయపడి రద్దు చేశారు.

మాకేం జరిగిందో చెప్తాను. షిజో కావరామాచి కూడలిలో బండి మలుపు తిప్పడం చూడాలని ఉదయం ఏడింటికే వెళ్ళి చోటు పట్టుకున్నాం. మావయ్యగారికి బీపీ మాత్రల్లో నీరు పోగొట్టేది ఒకటి ఉంది. టాయిలెట్ దొరకదేమోనని ఆయన ముందు రాత్రి నుంచే నీళ్ళు తగ్గించేశారట, మాకు చెప్పలేదు. పదిన్నరకి "కాళ్ళు లాగుతున్నాయి" అన్నారు. పదకొండుకి పలకరిస్తే సంబంధం లేని జవాబు చెప్పారు. చెయ్యి పట్టుకుంటే వేడిగా, పొడిగా ఉంది. పక్కనున్న జపాన్ పెద్దావిడ మా కంటే ముందు గమనించింది. తన చల్లటి సీసా తీసి ఆయన మెడకి ఆనించి, జనాన్ని తప్పించి మమ్మల్ని వెనక డిపార్ట్‌మెంట్ స్టోర్ దాకా తీసుకెళ్ళింది. ఏసీలో పడుకోబెట్టి, చొక్కా వదులు చేసి, మెడకీ చంకల్లోనూ చల్లటి సీసాలు పెట్టి, కొంచెం కొంచెంగా తాగిస్తే అరగంటకి తేరుకున్నారు. మాట తడబడినప్పుడే అంబులెన్స్ పిలవాల్సింది, మేం పిలవలేదు. మా అదృష్టం బాగుంది, అంతే. మీరు అలా చేయకండి.

అందుకని, మందులు వాడేవాళ్ళు బయల్దేరేముందే డాక్టర్‌ని అడగండి, ముఖ్యంగా నీరు తీసే మాత్ర ఉంటే. దాహం వేసేదాకా ఆగకుండా గుక్కగుక్కగా తాగుతూ ఉండండి. ఉట్టి నీళ్ళే కాకుండా ఉప్పు కూడా పడాలి. కన్వీనియన్స్ స్టోర్లలో ఉప్పు చప్పరింపు బిళ్ళలు, పొకారి స్వెట్ లాంటి తియ్యటి పానీయాలు దొరుకుతాయి. షుగర్ ఉన్నవాళ్ళు, ఆ తియ్యటి నీళ్ళు సీసాలకి సీసాలు తాగేయకండి. వాళ్ళకి ముగిచా అనే బార్లీ టీ మేలు. కెఫీన్ ఉండదు, చక్కెర ఉండదు. తొలి ఏకాదశి చాలా ఏళ్ళు జూలైలోనే పడుతుంది. ఆ రోజు ఊరేగింపుకి వెళ్ళాలనుకుంటే ఉపవాసం మానుకోమని ఇంట్లో పెద్దవాళ్ళకి ముందే నచ్చజెప్పండి.

తల తిరగడం, వాంతి వచ్చేట్టుండడం, పిక్కలు పట్టేయడం దగ్గరే ఆగి నీడకి చేరాలి. మాట తడబడినా, మత్తుగా ఉన్నా 119కి ఫోన్ చేయండి. ఎత్తగానే అగ్నిప్రమాదమా, అంబులెన్సా అని జపనీస్‌లో అడుగుతారు. "క్యూక్యూ" అంటే అంబులెన్స్. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్ళు పోయకండి. అంబులెన్స్‌కి డబ్బు తీసుకోరు, ఆస్పత్రికి మాత్రం ఇన్సూరెన్స్ లేకపోతే బిల్లు గట్టిగానే పడుతుంది. ట్రావెల్ ఇన్సూరెన్స్ కాగితం ఫోన్‌లోనే కాక జేబులోనూ ఉంచుకోండి.

నీడ సంగతి. షిజో, కావరామాచి రోడ్ల పక్కన దుకాణాల ముందు నడకదారికి పైకప్పు ఉంటుంది చాలా దూరం. ఓయికె రోడ్డు వెడల్పు, నీడ లేదు. డబ్బు కట్టి తీసుకునే కుర్చీలు అక్కడే వేస్తారు. కుర్చీ ఉంది కదా అని టిక్కెట్ కొనేముందు ఎండలో కూర్చోగలరా అని ఆలోచించండి. గొడుగు తెరిస్తే వెనకవాళ్ళకి ఏమీ కనబడదు, ఊరుకోరు. వెడల్పాటి టోపీ, తడి తువ్వాలు పెట్టుకోండి. వాన పడినా ఊరేగింపు ఆగదు. బళ్ళకి ప్లాస్టిక్ కప్పేసి నడిపించేస్తారు. కాబట్టి గొడుగు కాకుండా రెయిన్‌కోటు ఉంచుకోండి.

బండి దగ్గర

బోకోలనే పెద్ద బళ్ళు 25 మీటర్ల దాకా ఎత్తుంటాయి, 12 టన్నుల దాకా బరువు. చక్రాలు పక్కకి తిరగవు. అందుకే మూల దగ్గర బండి ఆపి, చక్రాల కింద చీల్చిన వెదురు బద్దలు పరిచి, బకెట్లతో నీళ్ళు చల్లుతారు. విసనకర్రలు పట్టుకుని ముందు నిలబడ్డవాళ్ళు అరుస్తారు. నలభై యాభై మంది తాడు పక్కకి లాగుతారు. వెదురు కిర్రుమంటుంది, బండి మొత్తం ఒక్క ఊపున జారి ముప్ఫై డిగ్రీలో నలభై డిగ్రీలో తిరుగుతుంది, పైన స్తంభం ఊగుతుంది. రెండు మూడు సార్లు లాగితే మలుపు పూర్తి. చూసి తీరాల్సిన దృశ్యమే, కాదనను. పోలీసులు కట్టిన తాడు దాటి ఫోన్ చాపకండి, అంతే. చక్రాన్ని ఆపేది చేత్తో పెట్టే చెక్క ముక్క, మన రథాల చక్రాల కింద వేసే మొద్దు లాంటిది. దగ్గరికి ఎవరు పడ్డా అది టక్కున ఆగే బండి కాదు.

యోయియామాలో కొన్ని బళ్ళు ఎక్కనిస్తారు. చెప్పులు విడవాలి, నిచ్చెన లాంటి నిలువు మెట్లు ఉంటాయి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కిందనుంచే దండం పెట్టుకోవడం మంచిది. చీర కట్టుకున్నవాళ్ళు కుచ్చిళ్ళు చూసుకోండి. ఊరేగింపులో ఎప్పుడూ మొదట వెళ్ళే నగినాత బోకో మీదకి ఆడవాళ్ళని ఎక్కనివ్వరు. నాకు నచ్చదు, కానీ లైన్లో గంట నిలబడ్డాక తెలుసుకోవడం ఇంకా బాధ, అందుకే చెప్తున్నాను.

బళ్ళ చుట్టూ వేలాడే బట్టలు చూడండి. యూరప్‌లో నేసినవీ, చైనావీ, ఇండియావీ ఉన్నాయి. డచ్ ఓడలు మన మచిలీపట్నం తీరం నుంచి సరుకు మోసిన కాలంలో జపాన్ చేరిన తివాచీల్లో కొన్ని దక్కన్‌లో నేసినవని పరిశోధకులు అంటారు. యోయియామా రోజుల్లో ప్రతి బండి తాలూకు వీధి హాలులో వీటిని పరిచి పెడతారు. తాకకండి, ఫ్లాష్ వేయకండి. "మన ఏలూరు తివాచీలాగుందే" అని మావయ్యగారు వేలు చాపితే అక్కడి కుర్రాడు మర్యాదగా, కానీ చాలా వేగంగా మధ్యలోకి వచ్చాడు.

జనం

16వ తేదీ రాత్రి మురోమాచి, షిన్‌మాచి లాంటి సన్నటి వీధుల్లో ఒక వైపుకే నడవనిస్తారు. పోలీసు మైకులో ఏం చెప్తున్నాడో అర్థం కాకపోయినా బాణం గుర్తు చూసి నడవండి. వెనక్కి తిరగకండి, ఫోటో కోసం నడుమ ఆగకండి. 2001 జూలైలో ఇక్కడికి దూరం కాని అకాషిలో బాణసంచా చూడ్డానికి వచ్చిన జనం కాలినడక వంతెన మీద చిక్కుకుని 11 మంది చనిపోయారు, ఎక్కువమంది చిన్నపిల్లలే. పోలీసులు ఇంత పట్టుగా ఎందుకుంటారో అది తెలిస్తే విసుగు రాదు.

స్ట్రోలర్ తీసుకెళ్ళకండి, పాపని కట్టుకునే క్యారియర్ తెచ్చుకోండి. పిల్లల చొక్కా లోపల మీ ఫోన్ నంబర్ రాసిన చీటీ పిన్ను పెట్టండి. తప్పిపోతే కలుసుకునే చోటు ముందే అనుకోండి, "స్టేషన్ దగ్గర" అని కాదు, ఫలానా నంబర్ ఎగ్జిట్ అని. తిరుగు ప్రయాణంలో షిజో స్టేషన్‌లోకి దిగకుండా పావుగంట నడిచి కరాసుమా ఓయికెలోనో గోజోలోనో మెట్రో ఎక్కండి. బస్సులు దారి మళ్ళిస్తారు, నమ్ముకోవద్దు. సూట్‌కేసు హోటల్లోనే వదలండి, ఆ రోజు కాయిన్ లాకర్ దొరకదు. కన్వీనియన్స్ స్టోర్లు చాలావరకు టాయిలెట్ మూసేస్తాయి, కాబట్టి డిపార్ట్‌మెంట్ స్టోర్ మూసే లోపు ఒకసారి అందరూ వెళ్ళిరండి. చెత్తబుట్టలు తక్కువ, సంచి మీదే.

గుడిలో

అత్తయ్యగారి బొబ్బలు ఇక్కడివే. యసాకా గుడి ముందు తోరి, అంటే రెండు స్తంభాల ద్వారం, కనబడగానే ఆవిడ చెప్పులు విడిచేశారు. నేను వద్దంటే, "ఏమ్మా, గుళ్ళోకి చెప్పులతోనా?" అన్నారు. మధ్యాహ్నం ఒంటిగంట, కాలుతున్న రాతిపలకలు. పూర్తి ప్రదక్షిణం చేశారు. షింతో గుడి ఆవరణలో చెప్పులు విడవనక్కర్లేదు, చెక్క గడప ఎక్కి లోపలికి వెళ్ళేటప్పుడు మాత్రమే విడవాలి. పెద్దవాళ్ళకి ఇది ఇంటి దగ్గరే చెప్పి తీసుకెళ్ళండి, అక్కడ చెప్తే వినరు.

నీటి తొట్టి దగ్గర ఎడమ చెయ్యి, తర్వాత కుడి చెయ్యి కడిగి, అరచేతిలో నీళ్ళు పోసుకుని నోరు పుక్కిలించి పక్కన ఉమ్మాలి. గరిటె నోటికి పెట్టకూడదు. తీర్థం అనుకుని తాగొద్దు. దేవుడి ముందు నాణెం వేసి, గంట తాడు మెల్లగా ఊపి, రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, మళ్ళీ ఒకసారి వంగాలి. కర్పూరం వెలిగించడం, కొబ్బరికాయ కొట్టడం పూర్తిగా మర్చిపోండి, అన్నీ చెక్క కట్టడాలు. ఇంట్లో ఎవరైనా పోయి రోజులు గడవకపోతే జపాన్‌వాళ్ళూ గుడికి రారు, మన మైల పట్టింపు లాంటిదే. అక్కడ మిమ్మల్ని ఎవరూ అడగరు, పాటించడం మీ ఇష్టం.

బళ్ళ దగ్గర వెదురు ఆకుల్లో చుట్టి కట్టిన చిమాకి అమ్ముతారు. అచ్చం పొట్లం కట్టిన పలహారంలా ఉంటుంది. మా బాబు విప్పి చూశాడు, లోపల ఏమీ లేదు. అది తినేది కాదు, గుమ్మానికి కట్టుకునే రక్ష. పేదవాడైనా దేవుడికి ఆతిథ్యమిచ్చిన సోమిన్ షోరాయి సంతతి మేము అని దాని మీద రాసి ఉంటుంది. ఏడాది కాగానే పాతది తిరిగి ఇచ్చేస్తారు.

తిండికొస్తే, శాకాహారులకి రోడ్డు మీద దొరికేది తక్కువ. తకోయాకిలో ఆక్టోపస్, యాకిసోబాలో పంది మాంసం, ఉత్త ఉదోన్ నూడుల్స్ అనుకున్నదాని పులుసులో చేప. కాల్చిన మొక్కజొన్న, మంచు తురుము నమ్మొచ్చు. గుడి చిహ్నం కోసిన దోసకాయ చక్రంలా ఉంటుందని పాత కాలపువాళ్ళు ఈ నెలంతా దోసకాయ తినరు. పుల్లకి గుచ్చిన చల్లటి దోసకాయ రోడ్డు మీద అమ్ముతూనే ఉంటారు, అది వేరే విషయం.

ఇండియా నుంచి వచ్చేవాళ్ళు సూట్‌కేసు సర్దేటప్పుడే చూసుకోవలసినవి కొన్నున్నాయి. మాంసం పచ్చళ్ళు, చికెన్ పచ్చడైనా సరే, జపాన్‌లోకి రానివ్వరు. పచ్చి కరివేపాకు, మామిడిపళ్ళు కూడా ఎయిర్‌పోర్ట్‌లోనే పోతాయి. డాక్టర్ రాసిన మందులు నెలకి మించి తెస్తే ముందుగా అనుమతి పత్రం ఉండాలి. కోడీన్ ఉన్న దగ్గు మందు లాంటివి అసలు పెట్టకండి.

గుడి పడమటి ద్వారం దాటి నాలుగడుగులు వేస్తే గియోన్ సందులు. అక్కడి ప్రైవేట్ సందుల్లోకి 2024 నుంచి బయటివాళ్ళు వెళ్ళకూడదు, బోర్డు మీద 10,000 యెన్ల జరిమానా అని రాసి ఉంటుంది. మైకోల, అంటే గీషా విద్య నేర్చుకుంటున్న అమ్మాయిల, వెనక ఫోన్లు పట్టుకుని పరిగెత్తకండి. వాళ్ళు పనికి వెళ్తున్న ఆడపిల్లలు.

ఇక ఎవరికైనా ఓపిక మిగిలితే ఒక మాట. ఊరేగింపు బళ్ళు దేవుడి కోసం దారి శుభ్రం చేసేవి మాత్రమే. దేవుడు బయల్దేరేది 17 సాయంత్రం, మూడు మికోషి పల్లకీల్లో. వందలమంది "హోయిత్తో, హోయిత్తో" అంటూ మోస్తారు. కింద నుంచి పైకి విసిరి ఊపుతుంటారు, ఆ భుజాలకి దగ్గరగా వెళ్ళకండి. వారం రోజులు షిజో వీధిలో విడిది చేసి 24 రాత్రి గుడికి తిరిగొస్తారు. బాగా పొద్దుపోయాక, పల్లకీలోంచి దేవుణ్ణి గర్భగుడిలోకి చేర్చే ముందు, ఆవరణలో దీపాలన్నీ ఆర్పేస్తారు. ఒక్క మనిషి మాట్లాడడు. చీకట్లో కోటో అనే తీగల వాయిద్యం చప్పుడు, తెల్లబట్టల కదలిక తప్ప ఏమీ ఉండదు. ఫోన్ ఆఫ్ చేసి జేబులో పెట్టుకోండి, స్క్రీన్ వెలుగు కూడా అపచారమే. దీపాలు మళ్ళీ వెలిగేసరికి అర్ధరాత్రి అయిపోతుంది, ఒసాకా వెళ్ళే ఆఖరి రైలు పోయి ఉంటుంది. ఆ ఒక్క రాత్రికి గది క్యోటోలోనే తీసుకోండి.